జిరాక్స్ శరత్తు

అక్టోబరు వస్తే చాలు, ఆదోనిలో పసిపిల్లల బడుల నిండా మేపుల్ ఆకులు రాలతాయి. ఊళ్లో ఆ చెట్టు ఒక్కటీ లేదు. ఆకులన్నీ జిరాక్స్ షాపులో చిగురిస్తాయి. మా వేపచెట్లకు సిలబస్ తెలియదు. శివరాత్రి దగ్గరపడ్డాక తీరిగ్గా ఆకు రాలుస్తాయి.

ఈ ఏడు మా నాలుగేళ్ల మనవడి బళ్లో ‘ప్రాసెస్ ఆర్ట్’ అన్నారు. బొమ్మ ఎలా కుదిరిందని చూడరట. తాకి, పిసికి, పూసి పిల్లవాడు ఏం కనుక్కున్నాడన్నదే లెక్కట. బంగారంలాంటి మాట. ఆ మాట వెంటే ఒక ఆకు బొమ్మ ఇచ్చి, గీత దాటకుండా నారింజరంగు వేయించి పంపమన్నారు.

తాకి పిసకడానికి ఈ కాలంలో మా వైపు సరుక్కి కరువా? చేలల్లో పత్తి తీసేదీ, ఆదోని యార్డుకు బోరాలు దిగేదీ ఇప్పుడే. వేరుశనగ బుడ్డలు పీకిన ఇంట్లో పొట్టుకు కొదవ లేదు. దసరా జమ్మి ఆకు దేవుడి గూట్లో ఉండనే ఉంది. మా పక్కనున్న ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడ మగ్గమున్న ఇంట్లో అడిగితే గుప్పెడు రంగునూలు ముక్కలు ఊరికే ఇస్తారు. నల్లరేగడి ఒక గిన్నెలో, ఎర్రమన్ను ఒక గిన్నెలో కలిపితే రంగులూ సిద్ధం. పత్తిగింజలు మాత్రం ఏరేయాలి. లేకపోతే ప్రాసెస్ ముక్కులో పూర్తవుతుంది.

ఆదివారం ఇవన్నీ వాడి ముందు పెట్టి, పాత ఎమ్మిగనూరు దుప్పటి పరిచాను. వాడు దూదిని ఎర్రమన్నులో ముంచాడు. అది పీల్చుకుని బరువెక్కితే ఆశ్చర్యపోయి, మళ్లీ పిండాడు. బుడ్డల పొట్టు తేలుతుందా మునుగుతుందా అని చాలాసేపు విచారణ జరిపాడు. పొట్టు తేలింది. నా చెప్పు మునిగింది.

కోడలు వచ్చి చూసింది. “ఏం బొమ్మరా ఇది?”

“బొమ్మ కాదు మా, బురద.”

“మామా, వీనికి మీరన్నా చెప్పకూడదా?” అంది నాతో. విద్యావిధానం గురించి నోరు తెరవబోయి, గోడ మీది చేతిముద్రలు చూసి ఊరుకున్నాను. వాటిలో రెండు నావి.

ఫొటో పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెడితే ఒకాయన వెంటనే అడిగాడు, దీనికి గ్రేడు ఎంత వచ్చిందని.

సాయంత్రం వాళ్లవ్వ గొణుక్కుంటూ ఆ దుప్పటిని తొట్లో నానేసింది. నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. వాడు చప్పట్లు కొట్టి, రెండో దుప్పటి తేవడానికి లోపలికి పరుగెత్తాడు.