తరుగు లేని పులి

ఉస్మాన్‌గంజ్‌లో తరుగు అనే మాట వింటే చాలు, గద్దె మీది సేటు గుండె ఒక తులం తగ్గుతుంది. బెల్లం చెమర్చి కారుతుంది, చింతపండు ఆరిపోతుంది, మిర్చి బస్తా లారీ ఎక్కినప్పటి తూకం దిగినప్పుడు ఉండదు. ఏ ఊరి నుంచి ఏ సరుకు వచ్చినా దారిలో ఎంతో కొంత గాలికి పోవలసిందే. పోయేది ముందే లెక్కలో రాసుకుని ధర కట్టడం వచ్చినవాడే అక్కడ నిలుస్తాడు. ఈ నియమానికి లొంగని సరుకు గంజ్ మొత్తానికి ఒక్కటే ఉంది. అది ఆదివారం రాత్రి శ్రీశైలం రోడ్డు నుంచి బులెట్ మీద దిగుమతయ్యే అడవి జంతువు. మన్ననూరు దగ్గర అడవిపిల్లిగా ఎక్కిన ప్రాణి ఆమనగల్లు దాటేసరికి చిరుతవుతుంది. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో పెద్దపులవుతుంది. సోమవారం పొద్దున షట్టరు ఎత్తే వేళకు దాని వెంట రెండు పిల్లలు కూడా ఉంటాయి. తరుగు మాట అటుంచి, దారిలో ఈనే సరుకు ప్రపంచంలో మరొకటి లేదు.

ఈ సరుకు తెచ్చే మనిషిని గంజ్ సవారు అందాం. వయసు ముప్పైకీ నలభై అయిదుకీ మధ్య. తాత కాలంలో గద్దె, తండ్రి కాలంలో కౌంటరు, ఇతని కాలంలో అద్దాల గది అయిన దుకాణంలో వారానికి ఆరు రోజులు పప్పుల రేట్లు పలుకుతాడు. ఆరు రోజులూ మంచి మనిషే. కాంటా దగ్గర నిక్కచ్చి, ఉద్దెర దగ్గర మొహమాటం, హమాలీలతో పరాచికం. శనివారం రాత్రి ఖాతా పుస్తకం మూసి అల్మారా తెరుస్తాడు. మోకాళ్ళకు తొడుగులు, మోచేతులకు తొడుగులు, వీపుకు పలక, చేతులకు తోలు గ్లౌజులు, హెల్మెట్ నెత్తిన కొమ్ములా నిలిచే కెమెరా, వాటన్నిటి మీద ఇంట్లో కట్టిచ్చిన పులిహోర డబ్బా. బులెట్ ఇంగ్లండులో పుట్టిన బండి. మన సైన్యం సరిహద్దు కాపలాకు దాన్ని కావాలనడంతో 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. ఆ కాపలా బాధ్యత ఇప్పుడు తన మీద పడిందన్న ముఖంతో ఇతను తెల్లవారుజామున మూడున్నరకు కిక్కు కొడతాడు. సెల్ఫ్ బటన్ ఉన్నా కిక్కే కొడతాడు. గల్లీ మొత్తం లేవాలి గదా.

పరుగంతా మన్ననూరు చెక్‌పోస్టు కోసం. అమ్రాబాద్ టైగర్ రిజర్వు గుండా పోయే ఈ రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంచుతారు. ఒకప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులో భాగమైన అడవి ఇది. రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణకు ఇవతలి వాటా అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వచ్చింది (పంపకాల కాగితం మీద పులులు సంతకం పెట్టలేదు, అది వేరే సంగతి). ఆరు కొట్టగానే గేటు లేస్తుంది. పండగ ముందు రోజు ఇమ్లీబన్‌లో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసే వేగంతో మన సవారు అడవిలోకి దూసుకుపోతాడు.

ఇతని గురించి లోకంలో రెండు అభిప్రాయాలున్నాయి. ప్రకృతి ప్రేమికుడని ఇంటివాళ్ళు అంటారు, డాంబికుడని పక్క దుకాణంవాళ్ళు అంటారు. రెండూ పొరపాటే. ప్రేమే అయితే చూసిన దుప్పికీ చూడని పులికీ ఒకే తూకం వేసేవాడు. డాంబికమే అయితే జూబ్లీహిల్స్ కాఫీ దుకాణం ముందు బండి పెట్టి నిలబడితే చాలు, 140 కిలోమీటర్లు పోయి నడుం నొప్పి తెచ్చుకోనక్కరలేదు. నా వాదన వేరు. అడవి దారిలో బండి నడపడానికి ఈ రాష్ట్రంలో అందరికన్నా బాగా తర్ఫీదైన మనిషి ఈ గంజ్ సవారే. చిక్కల్లా ఆ తర్ఫీదును శనివారం రాత్రి గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసి పోవడంలో ఉంది.

ఉస్మాన్‌గంజ్ గల్లీలో పదకొండు గంటలకు బండి నడపడం ఏమిటో తెలియనివారికి ఈ మాట అతిశయోక్తిలా తోస్తుంది. అటు బేగంబజార్ నుంచి, ఇటు అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చే జనం, ట్రాలీ ఆటోలు, తోపుడుబండ్లు, తలమీద బస్తాతో పాదాలు తప్ప మరేమీ చూడలేని హమాలీలు, ఎవరి సొంతమో ఎవరూ చెప్పలేని మేకలు, గల్లీ నడుమ నెమరేసే ఆవులు. ఇక్కడ ఏ ప్రాణీ చెయ్యి చూపి మలుపు తిరగదు. అయినా సవారు బండి ఎవరికీ తగలదు. ఎందుకంటే అతనికి కొన్ని సూత్రాలు నరాల్లోకి ఇంకిపోయాయి. సందులోంచి ఒక తోపుడుబండి దాటిందంటే వెనక రెండోది ఉండే తీరుతుంది. పైపులు మోసే బండి ముందు చక్రాలు దాటాయంటే దాటినట్టు కాదు, తోక ఇంకా పది అడుగులు ఉంటుంది. మేకపిల్ల ఇటు ఉండి తల్లి అటు ఉంటే పిల్ల ఎటు పరిగెత్తుతుందో అడగనక్కరలేదు. భయపడిన పశువు వెనక్కి పోదు, అడ్డంగా పోతుంది.

ఇప్పుడీ సూత్రాలనే వటవర్లపల్లి దాటిన తర్వాతి రోడ్డు మీద పరిచి చూడండి. ఒక అక్షరం మార్చనక్కరలేదు. అడవిపందులు వరసకట్టి రోడ్డు దాటుతాయి. మొదటిది పోయిందని యాక్సిలరేటర్ తిప్పినవాడికి రెండోది తగులుతుంది. నెమలి అచ్చం పైపుల బండి. పక్షి రోడ్డు దాటినా పింఛం దాటదు, బరువుగా లేచేటప్పుడు సరిగ్గా మనిషి ఛాతీ ఎత్తున ఎగురుతుంది. దుప్పి పిల్ల తల్లి ఉన్నవైపే దూకుతుంది. గంజ్‌లో ఎడమ కంటితో చదివే ఈ పాఠాన్ని సవారు అడవిలో చదవడు. కారణం ఒకే ఒక్క తప్పుడు లెక్క. నిశ్శబ్దంగా ఉన్న రోడ్డును అతను ఖాళీ రోడ్డు అనుకుంటాడు. గంజ్‌లో చప్పుడే జనానికి గుర్తు. చప్పుడు లేదంటే కర్ఫ్యూ అన్నమాట. అడవిలో లెక్క తిరగబడుతుంది, అక్కడ చప్పుడు చేయకుండా ఉన్నవే ఎక్కువ.

లెక్క అన్నాం గనుక అతని భాషలోనే వేద్దాం. గంటకు 80 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకు 22 మీటర్లు మింగుతుంది. కన్ను చూసి, మనసు నమ్మి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఆ సెకను కాస్తా అయిపోతుంది. అక్కణ్ణించి ఆగడానికి, రోడ్డు ఎండి నున్నగా ఉంటేనే, ఇంకో 40 మీటర్లు. మొత్తం 60 పైచిలుకు. నల్లమల మలుపుల్లో కంటికి ఆనే రోడ్డు చాలాచోట్ల అంత ఉండదు. అంటే సవారు తాను చూడని సరుకుకు అడ్వాన్సు కట్టేస్తున్నాడన్నమాట. దుకాణంలో గుమాస్తా ఇలాంటి బేరం చేస్తే ఆ సాయంత్రమే లెక్క తేల్చి పంపేస్తాడు. బోర్డులు చెప్పే 30లో పోతే అదే లెక్క 15 మీటర్లలో తేలుతుంది. ఇక ఢీకొనే సరుకు తూకం చూద్దాం. బులెట్ దగ్గర దగ్గర రెండు క్వింటాళ్ళు. ఎదిగిన మగ కణుజు రెండు క్వింటాళ్ళు దాటుతుంది. కాంటా ఎటు మొగ్గుతుందో చెప్పడానికి దలాలీ అక్కరలేదు.

సవారు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. నా సైలెన్సర్ చప్పుడు కిలోమీటరు దూరం వినిపిస్తుంది, జంతువులు ముందే తప్పుకుంటాయి, చప్పుడే నాకు రక్ష అంటాడు. కొట్టిపారేయదగిన వాదన కాదిది. చాలా జంతువులు నిజంగానే తప్పుకుంటాయి. అందుకే అతనికి ఏమీ కనిపించదు! పొద్దున్నే దుకాణం మెట్ల మీద తపేలా వాయించి, మధ్యాహ్నానికి గిరాకీ లేదని వాపోయేవాడి బాధ ఇది. తప్పుకోని వాటి సంగతేమిటి అన్నది అసలు ప్రశ్న. మలుపుల్లో కొండ రాళ్ళకు తగిలి చప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టుంటుంది. ఏదో వస్తోందని జింకకు తెలుస్తుంది, ఎటు నుంచో తెలియదు. తెలియనప్పుడు అది చేసేది గంజ్ మేక చేసేదే. పైగా తారు వెచ్చదనానికి రోడ్డు మీదికి పాకిన జెర్రిపోతుకు సైలెన్సర్ సంగీతం మనకు వినిపించినట్టు వినిపించదు. ఆ సైలెన్సర్ కంపెనీ ఇచ్చినది కాదనీ, మార్చి బిగించిన దాన్ని చట్టం ఒప్పుకోదనీ సవారుకు తెలుసు. సరుకు మీద ముద్ర మార్చి అమ్మే పక్కవాడిని మాత్రం అతను ఎప్పుడూ క్షమించడు.

రెండో జవాబు ధర్మం పేరు మీద వస్తుంది. రోడ్డు పక్క కోతుల గుంపు కనిపించగానే సవారు బండి ఆపి బిస్కెట్లు, అరటిపళ్ళు, మిగిలితే పులిహోర పంచుతాడు. ఆంజనేయస్వామి రూపం, పుణ్యం గదా అంటాడు. మొజంజాహి మార్కెట్ దగ్గర పావురాలకు జొన్నలు చల్లే చేతికి అది అలవాటే. పుణ్యం మీద నాకు పేచీ లేదు, గంజ్ అనుభవం మీదే ప్రశ్న. పల్లీల బస్తాకు చిరుగు పడి గుమ్మంలో నాలుగు గింజలు రాలితే ఏమవుతుందో అతనికన్నా ఎవరికి తెలుసు? ఆ రోజు ఒక మేక, మర్నాడు దాని చుట్టాలు, వారం తిరిగేసరికి గుమ్మం వాటిదే. అందుకే బస్తాకు చిరుగు కనిపిస్తే గుమాస్తాను సూదీ పురికొసా పట్టుకుని పరిగెత్తిస్తాడు. కోతులకు తిండి వేయొద్దని అటవీశాఖ బోర్డులు రాసి పెట్టడంలో ఉన్నదీ ఈ జ్ఞానమే. అడవిలో వెతుక్కుని తినవలసిన కోతి టైర్ల పక్కన కూర్చుని ఎదురుచూడడం నేర్చుకుంటుంది. నేర్పిన దాత పుణ్యం మూటకట్టుకుని వెళ్ళిపోతాడు, వెనక వచ్చిన లారీ ఆగదు.

మరి శ్రీశైలం వెళ్ళే బస్సులు, కార్లు లేవా, రెండు చక్రాల పేదవాడి మీదే ఎందుకీ దాడి అని సవారు తరఫున ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మల్లన్న భక్తుల కార్లు అంతకన్నా వేగంగా పోవడం, కిటికీల్లోంచి సీసాలు విసరడం నిజం. కాకపోతే వాళ్ళు వెళ్ళేది దేవుడి కోసం. అడవి వాళ్ళకు దారిలో తగిలిన ప్రాంతం, అంతే. అడవి కోసమే అడవికి పోయేవాడు సవారు ఒక్కడే. కిరాణా కొనడానికి వచ్చినవాడు పప్పు నాణ్యం చూడాలి గానీ, దర్శనానికి పోతూ పప్పు కొన్నవాడితో పోల్చుకుంటే ఎలా?

ఇక అతను నిజంగా చూసేదేమిటి అన్నదానికి పాలపిట్టను మించిన సాక్ష్యం లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు దాన్ని చూస్తే శుభం. ఆ రోజు ఎవరో చట్టానికి విరుద్ధంగా పంజరంలో పెట్టి గల్లీలోకి తెస్తే సవారు కుటుంబసమేతంగా బయటికొచ్చి, డబ్బులిచ్చి, దండం పెట్టి మరీ చూస్తాడు. అదే పిట్ట కడ్తాల్ దాటాక కరెంటు తీగ మీద ఉచితంగా కూర్చుని, ఉచితంగా రెక్క విప్పి ఆ నీలమంతా చూపిస్తే తల తిప్పడు. రేటు కట్టని సరుకు అతని కంటికి ఆనదు. శ్రీశైలం దూరమనిపించిన ఆదివారాల్లో చేవెళ్ళ మర్రిచెట్ల కిందుగా అనంతగిరికి పోతాడు. మూసీ పుట్టింది ఇక్కడే అని చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ఫొటో దిగుతాడు. ఆ నీళ్ళే వికారాబాద్ నుంచి నడిచి నడిచి అతని దుకాణానికి కూతవేటు దూరంలో నయాపూల్ కిందికి వస్తాయి. అక్కడ మాత్రం జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటుతాడు. ఊరికి వచ్చేసరికి మూసీకీ తరుగు తప్పలేదు.

పులి సంగతి ఉండనే ఉంది. అటవీశాఖవాళ్ళు చెట్లకు కెమెరాలు కట్టి, ఒక పులి చారలకూ ఇంకో పులి చారలకూ ఉన్న తేడా పట్టుకుని నెలల తరబడి లెక్కపెడతారు. ఏ రెండింటి చారలూ ఒకలా ఉండవు గనుక ఒకే పులిని రెండుసార్లు రాసే వీలుండదు. సవారు పద్ధతిలో ఇంత శ్రమ లేదు. 80 మీద పోతుండగా పొదలోంచి గోధుమరంగు ఏదో కదిలితే చాలు. అతను అబద్ధం చెబుతున్నాడని అనను. నిజానికి అతనికి ఏమీ కనిపించలేదు. కనిపించలేదని తేలే వేగంలో కూడా పోలేదు. చూడని సరుకుకు తూకం వేయక తప్పనప్పుడు ఎవరైనా కాస్త మొగ్గే వేస్తారు.

సోమవారం పది గంటలకు అదే మనిషి, అదే బులెట్, గల్లీ మధ్యలో. మోకాలి తొడుగులు లేవు, హెల్మెట్ అద్దానికి వేలాడుతోంది. ముందు ఒక ఆవు అడ్డంగా పడుకుని ఉంది. సవారు ఇంజన్ ఆపేస్తాడు. హారన్ కొట్టడు. కొడితే అది ఎటువైపు లేస్తుందో, లేస్తూ ఎవరి పసుపు బస్తాను పొడుస్తుందో, ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో అతనికి బాగా తెలుసు. కాలు కింద మోపి, వెనకొచ్చే ట్రాలీ ఆటోకు ఆగమని చెయ్యి చూపి, ఓపికగా ఎదురుచూస్తాడు. ఆవు ఒక చెవి ఆడిస్తుంది. ఈలోగా పక్క దుకాణం మెట్ల మీంచి ప్రశ్న వస్తుంది. "ఏం కాకా, నిన్న ఏమన్న కనవడ్డదా?" సవారు రెండు చేతులూ హాండిల్ వదిలి, ట్రాలీ ఆటోకు ఒకటి, ఆవు కొమ్ముకు ఒకటి తగిలేంత వెడల్పున చాస్తాడు.

"గింత! నడి రోడ్డు మీద! పక్కన పిల్లలు... మూడు."