వ్యక్తిత్వానికి ట్యూషన్

ఆగస్టు వచ్చిందంటే చికాగో శివారు నేపర్‌విల్‌లో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్ళలో రాత్రి ఒంటిగంట దాకా లైట్లు ఆరవు. పిల్లాడు చదువుకుంటున్నాడనుకునేరు. చదువెప్పుడో అయిపోయింది. కాలేజీ స్థాయి ఏపీ కోర్సులు అయిపోయాయి, ఎస్‌ఏటీ మూడుసార్లు రాయడం అయిపోయింది, చెల్లెలి చేత కూడా ఒకసారి రాయించి చూడటం అయిపోయింది. ఇప్పుడు బేస్‌మెంట్‌లో జరుగుతున్నది వాడికో వ్యక్తిత్వం తయారుచేసే పని. కామన్ యాప్ అనే దరఖాస్తులో పది వ్యాపకాలు రాయాలి. ఒక్కోదాని వర్ణనకు 150 అక్షరాలు. ఆపైన 650 పదాలు మించకుండా నువ్వెవరో చెప్పాలి. అరుణాచలంలో రమణ మహర్షి జీవితాంతం విచారించమన్న ప్రశ్న ఇది. మనవాళ్ళు నవంబరు 1కల్లా తేల్చి సబ్మిట్ కొట్టాలి.

ఈ పిల్లల్ని కన్న మహానుభావులు ఎవరు? 1988కీ 1992కీ మధ్య మన దగ్గర పదోతరగతో ఇంటరో గట్టెక్కినవాళ్ళు. వీళ్ళకూ అప్పట్లో ఒక దరఖాస్తు ఉండేది. దాన్ని స్లామ్ బుక్ అనేవారు. ఫేర్‌వెల్‌కి వారం ముందు నుంచీ చేతులు మారుతూ, సెంటు వాసన కొడుతూ, లెక్కల మాస్టారి కంటబడకుండా డెస్కుల కింద తిరిగేది. ఫేవరెట్ హీరో, ఫేవరెట్ కలర్, మరపురాని రోజు, ఆ తర్వాత ‘యాంబిషన్ ఇన్ లైఫ్’. ఆ గడిలో అబ్బాయిలు ఐఏఎస్ అని రాశారు. ఐఏఎస్ అంటే ఏమిటో సగం మందికి తెలీదు, జీపు ఉంటుందని మాత్రం తెలుసు. డాక్టర్ అని రాసినవాడు జువాలజీ ల్యాబ్‌లో కప్పని కోస్తుంటే కళ్ళు తిరిగి పడ్డవాడు. ‘నా ఆశయం ప్రజాసేవ’ అని రాసినవాడు మెస్ బిల్లు ఎగ్గొట్టడంలో జిల్లా ఫస్టు. 1989లో ‘శివ’ వచ్చాక మాత్రం కొంత నిజాయితీ కనిపించింది. ఆశయం గడిలో సైకిల్ చైన్ బొమ్మ గీసినవాళ్ళు ఉన్నారు.

ఆశయాల సంగతి అలా ఉంచండి. మనుషులు ఎలా ఉండేవాళ్ళో గుర్తు తెచ్చుకోండి. ప్రిన్సిపాల్ గొంతు అచ్చు దింపి, హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేసి, రెండో ఆట సినిమాకి పర్మిషన్ ఇచ్చేసినవాడు ఒకడు. తన ముత్యాల దస్తూరీతో క్లాసులో అందరి ప్రేమలేఖలూ రాసిపెట్టి, ఎవరి రహస్యమూ ఎవరికీ చెప్పకుండా టెన్త్ పాసైన ఆడపిల్ల ఒకతె. చింతచెట్టెక్కి అక్కడే పరీక్షలకి చదివి, అక్కడే నిద్రపోయి, కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుని, ఎడంచేత్తో పరీక్ష రాసినవాడు ఇంకొకడు. వీటికెవడూ మార్కులు వెయ్యలేదు. అందుకే అవి వాళ్ళకి మిగిలాయి. పెళ్ళి పందిట్లో ఎవరో మేనమామ గడ్డం పట్టుకుని “ఏరా, పెద్దయ్యాక ఏమవుతావు?” అంటే “ఇంజినీర్ అవుతాను మావయ్యా” అనేస్తే చాలు. అరక్షణం అబద్ధం. ఆయన లడ్డూ చేతిలో పెట్టి పంపేసేవాడు. మిగిలిన బతుకంతా నీ ఇష్టం.

1986లో ఎంసెట్ మొదలయ్యాక ఆ అబద్ధం చెప్పే శ్రమ కూడా తప్పింది. ర్యాంకు వచ్చాకే అభిరుచి పుట్టేది. మూడంకెల్లో వస్తే ఎలక్ట్రానిక్స్ అంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి. నాలుగంకెల్లో వస్తే సివిల్ అంటే ప్రాణం. ఐదంకెల్లోకి జారితే వ్యవసాయమే భారతదేశానికి వెన్నెముక.

1990లో రెండు ఘటనలు జరిగాయి. ‘కర్తవ్యం’ విడుదలై, విజయశాంతి ఖాకీ చొక్కా చూసి మన ఆడపిల్లలు స్లామ్ బుక్కుల్లో టోకున ఐపీఎస్‌లయ్యారు. అదే ఏడు చివర్లో పెద్ద బుష్ ఒక ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు, హెచ్1బీ వీసా పుట్టింది. మన పిల్లలు మొదటిదాన్ని చూశారు. రెండోది వాళ్ళని చూసింది. తర్వాత కథ అందరికీ తెలిసిందే. అమీర్‌పేటలో మూడు నెలలు, వైటూకే పుణ్యమా అని కోబాల్, 2001 నుంచి మూడేళ్ళపాటు ఏటా 1,95,000 వీసాలు. కలెక్టర్లు, ఎస్పీలు, సర్జన్లు, సైకిల్ చైన్ శివలు అందరూ ఒకే రకం ఖాకీ ప్యాంటు వేసుకుని ఒకే రకం క్యూబికల్లో తేలారు. ఖాకీ కల అలా నెరవేరింది.

సరే, చేరిన ఊరు ఎలాంటిది? జోసెఫ్ నేపర్ 1831లో డూపేజ్ నది ఒడ్డున పెట్టిన పల్లె. 1960 నాటికి కూడా జనాభా పదమూడు వేల లోపే. క్రోలర్ వాళ్ళ సోఫాల ఫ్యాక్టరీ, చుట్టూ మొక్కజొన్న, మధ్యలో ఒక కాలేజీ. అప్పట్లో ఇక్కడ హైస్కూలు ముగించిన కుర్రాడి ముందున్న దారులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1966లో బెల్ ల్యాబ్స్ వచ్చి ఇండియన్ హిల్ అనే పేరుతో దుకాణం తెరిచింది. ఆ ‘ఇండియన్’ మనం కాదు గానీ, పేరుకి న్యాయం చేసే బాధ్యత మాత్రం మనమే తీసుకున్నాం. ఇప్పుడు జనాభా లక్షన్నర దగ్గర. రూట్ 59 మీద మాల్ ఆఫ్ ఇండియా పార్కింగ్‌లో శనివారం సాయంత్రం చోటు దొరికితే పూర్వజన్మ సుకృతం.

ఈ ఊరి స్కూళ్ళు పేరున్న మనుషుల్ని తయారుచేయలేదని కాదు. నేపర్‌విల్ సెంట్రల్ నుంచి 2004లో బయటికొచ్చిన క్యాండేస్ పార్కర్, ఆ ఏడాదే మెక్‌డొనాల్డ్స్ బాస్కెట్‌బాల్ డంక్ పోటీలో మగపిల్లల్ని ఓడించి, ఆ పోటీ గెలిచిన మొదటి అమ్మాయి అయింది. నెక్వా వ్యాలీలో చదివిన ఇవాన్ లైసాచెక్ 2010లో మంచుమీద స్కేటింగు చేసి ఒలింపిక్ బంగారం తెచ్చాడు. నేపర్‌విల్ నార్త్ కుర్రాడు బాబ్ ఓడెన్‌కర్క్ ఈ ఊరంటే విసుగుపుట్టి, త్వరత్వరగా క్రెడిట్లు పూర్తి చేసుకుని బయటపడ్డాడు. కామెడీ రాసుకుంటూ తిరిగి తిరిగి ‘బెటర్ కాల్ సాల్’లో లాయరయ్యాడు. అంటే ఈ ఊరు ప్రపంచానికిచ్చిన అందరికన్నా పెద్ద లాయరు లా కాలేజీ మెట్లెక్కలేదు. మన నాన్నలు ఆ సీరియల్ మొత్తం రెండుసార్లు చూశారు, ఆయన మన ఊరివాడేనని ఇండియా నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పారు. అదే కొడుకు “నాన్నా, నేను కామెడీ రాస్తాను” అన్నరోజు, ఇంటికి ఏ శని పట్టిందో చూడమని అరోరాలో బాలాజీ గుడి పూజారి దగ్గరికి పరిగెత్తారు.

ఇంతకీ వ్యక్తిత్వం జబ్బు ఎక్కడ అంటుకుంది? హార్వర్డ్ మీద దావాలో. ఆ యూనివర్సిటీ పిల్లల చదువుకీ ఆటలకీ వేసినట్టే వ్యక్తిత్వానికి కూడా మార్కులు వేస్తుందనీ, ఆసియా పిల్లలకి ఆ పద్దులో సగటున తక్కువ పడుతున్నాయనీ 2018లో కోర్టు కాగితాల్లో బయటపడింది. పిల్లల మొహమైనా చూడనివాళ్ళు, ఫైలు చూసి వాళ్ళ ధైర్యానికీ దయకీ అంకె వేశారన్నమాట. ఏ జాతివాడికైనా కడుపు మండాల్సిన విషయం. కొందరికి మండింది, దావా నడిచింది, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. మనవాళ్ళు మాత్రం ఆ వార్తని మరోలా చదివారు. ఒక సబ్జెక్టులో మార్కులు తక్కువ వస్తున్నాయి. తెలుగువాడికి ఆ సమస్య కొత్తా? మార్కులు తగ్గితే ఏం చేస్తాం? ట్యూషన్ పెట్టిస్తాం.

పెట్టించాం. ఇప్పుడు ఊళ్ళో మెయిల్‌బాక్సుల కన్నా ‘ఫౌండర్ అండ్ సీఈవో’లు ఎక్కువ. ఒకడు పాత కళ్ళజోళ్ళు పోగేసి పంపే సంస్థకి అధిపతి, గరాజ్‌లో ఇంకా నాలుగు అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. ఇంకొకతె ఒంటరి వృద్ధుల కోసం యాప్ కట్టింది, కింద గదిలో నానమ్మ పొద్దుటినుంచీ ఒక్కతే సీరియల్ చూస్తోంది. కూచిపూడి రంగప్రవేశానికి పిలుపందుకుని వెళ్తే అరవై నాలుగు పేజీల రంగుల పుస్తకం చేతికిస్తారు. అందులో అమ్మాయి వినయం గురించే ఆరు పేజీలు.

మా వీధి చివరింటివాళ్ళు కాలేజీ అడ్మిషన్ల కన్సల్టెంట్‌తో మాట్లాడుతున్నప్పుడు కాఫీ తాగుతూ నేనూ అక్కడే ఉన్నాను. గంటకి ఆవిడ తీసుకునేది వింటే మా ఊళ్ళో ఇంటర్ రెండేళ్ళ ఫీజు గుర్తొచ్చింది. తెర మీద నుంచి ఆవిడ చల్లగా నవ్వి, మార్కులు బాగున్నాయి, వ్యాపకాలు బాగున్నాయి, మీవాడికి కథే లేదండీ అంది.

“కథంటే?” అన్నాడు తండ్రి.

జీవితంలో ఏదైనా కష్టం పడ్డాడా అని అడిగింది.

“కష్టమా? మేం పడనిస్తేగా!” అంది తల్లి, ఎంతో గర్వంగా. మరుక్షణం ఆవిడ మొహం పాలిపోయింది. పదిహేడేళ్ళుగా రాత్రింబవళ్ళు కాపాడుకొచ్చిన సుఖమే ఇవాళ కొంపముంచేట్టుంది. “నాన్నా, బాగా గుర్తుతెచ్చుకో. నాలుగో క్లాసులో ఎవరైనా ఏడిపించారా?”

“లేదమ్మా.”

“లంచ్ బాక్స్ వాసనొస్తోందని నవ్వారా? అందరి పిల్లల్నీ చూసి నవ్వారటగా!”

“లేదమ్మా. నా పులిహోర వాళ్ళే తినేవాళ్ళు.”

తల్లి ఆ తెల్లపిల్లల్ని మనసులో తిట్టుకుంది, నా కొడుకుని ఒక్కసారి ఏడిపిస్తే మీ సొమ్మేం పోయింది అని. చివరికి కష్టాన్ని దిగుమతి చేసుకోవాలని తీర్మానమైంది. కుర్రాణ్ణి రెండు వారాలు తాతగారి ఊరికి పంపారు. మట్టి, గేదె, పాలు పితకడం, అందులోంచి జీవిత సత్యం ఒకటి. తెనాలి దగ్గరున్న ఆ తాతగారు గేదెలమ్మేసి ఎన్నాళ్ళో అయింది, ఇంట్లో విజయ డెయిరీ ప్యాకెట్లే. “మనవడు అమెరికా నుంచి గేదె కోసం వచ్చాడ్రా” అని పక్కింటివాళ్ళని బతిమాలి ఓ ముర్రా గేదెని పూటకి తెచ్చి కట్టేశారు. అది కొత్త మనిషి వాసనకి బకెట్ తన్నింది. ఆ ఫోటో అద్భుతంగా వచ్చింది. కన్సల్టెంట్ మెచ్చుకుంది. తర్వాత కనుక్కుంటే ఆ సీజన్లో ఆవిడ దగ్గరికొచ్చిన గేదెల్లో ఇది నాలుగోదట. పనికిరాదంది.

అప్పుడు కుర్రాడు, ఇన్నాళ్ళకి మొదటిసారి ఎవరూ అడక్కుండా, నోరు విప్పాడు. వాడికి రైళ్ళంటే ఇష్టం. ఎంత ఇష్టమంటే కారు లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచీ డిబేట్ క్లబ్ అని చెప్పి డౌన్‌టౌన్ స్టేషన్‌కి పోయి ప్లాట్‌ఫాం మీద కూచుంటున్నాడు. మూడు పట్టాల మీద బీఎన్‌ఎస్‌ఎఫ్ గూడ్సు బళ్ళు ఎప్పుడేది పోతుందో, చికాగో యూనియన్ స్టేషన్‌కి పోయే ఎక్స్‌ప్రెస్ ఏ స్టేషన్లు వదిలేస్తుందో, అరోరా యార్డులో ఇంజను ఎలా మార్చుకుంటారో, హారన్ విని ఇంజను మోడల్ చెప్పడం ఎలాగో చెప్పుకుపోయాడు. ఒక డ్రైవరు వీణ్ణి గుర్తుపట్టి రోజూ చెయ్యూపుతాడట. చెబుతుంటే వాడి గొంతు మారిపోయింది. చేతులతో బ్రేకు లివర్ లాగి చూపించాడు. ముప్పై ఏళ్ళ కింద ప్రిన్సిపాల్ గొంతుతో వార్డెన్‌కి ఫోన్ చేసినవాడు ఇలాగే ఉండేవాడు.

గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తండ్రి కళ్ళు మెరిశాయి. ఆయనకి కొడుకు అర్థమయ్యాడేమో అనుకున్నాను.

“ఒరేయ్, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా! ఎస్సేకి ఇంతకన్నా ఏం కావాలి!”

మూడు రోజుల్లో వ్యాసం తయారైంది. పట్టాలు క్రమశిక్షణ అయ్యాయి, సిగ్నళ్ళు డేటా స్ట్రక్చర్లయ్యాయి, చెయ్యూపిన డ్రైవరు కమ్యూనిటీ అయ్యాడు, ఆఖరి పేరాలో రైలంతా కలిసి కంప్యూటర్ సైన్స్‌లోకి వచ్చి ఆగింది. అందరూ చదివి బాగుందన్నారు. ఒకటే చిక్కు, మొత్తం 656 పదాలు తేలింది. గీత 650. తండ్రి, తల్లి, కన్సల్టెంట్ మళ్ళీ కూచుని పైనుంచి కిందిదాకా జల్లెడ పట్టారు. ఏ పదం తీసినా భవనం కూలేట్టుంది. అర్ధరాత్రి దాటాక కన్సల్టెంటే దారి చూపించింది. మూడో పేరాలో, పెద్దయ్యాక నాకు రైలు నడపాలనుంది అని కుర్రాడు సొంతంగా రాసుకున్న వాక్యం ఒకటుంది. అది తీసేస్తే సరిగ్గా సరిపోతుంది.