నీళ్లు పడితే దేవుడు, దుమ్ము లేస్తే సైన్సు

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో భూమి కింద ఏముందో తెలియని మనిషి దొరకడం కష్టం. భూమి మీద ఎవరిది ఎంతుందో తెలుసుకోవాలంటే మాత్రం తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి.

బోరు వేయాలని రైతు నోరు జారితే చాలు, మొదట కొబ్బరికాయ ఆసామి దిగుతాడు. కాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట కాయ దానంతట అదే లేచి నిలబడుతుందట. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లకే ఈ విద్య అబ్బుతుందని ఒకాయన గట్టిగా చెప్పాడు. గంగమ్మతల్లికి ల్యాబు రిపోర్టు ఎవరు చూపించారో మాత్రం చెప్పలేదు. కాయ లేచిన చోట గుర్తు పెడతారు. దాని మీద నిమ్మకాయ, కర్పూరం.

కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటే జియాలజిస్టు కూడా వస్తాడు. ఇనుప కడ్డీలు భూమిలో దిగ్గొట్టి, కరెంటు పంపి, రాయి దాన్ని ఎంత అడ్డుకుంటోందో మీటరులో చూసి లెక్కలు కడతాడు. ఇది అసలు సిసలు శాస్త్రం, వంక పెట్టడానికి లేదు. మన కాళ్ల కింద ఉన్నదంతా గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో నీళ్లుంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. పగులు ఎక్కడ ఉండొచ్చో మీటరు సూచిస్తుంది. అందులో చివరి చుక్క దాకా పక్క చేను మోటారు లాగేసిందో లేదో దానికి తెలియదు. నిజాయితీ గల జియాలజిస్టు ఆ సంగతి ముందే చెప్తాడు. అందుకే ఆయనకు రెండో పిలుపు రాదు. "ఖాయంగా పడతాయా సార్?" అని అడిగితే "అవకాశం ఉంది" అనేవాడి చేతిలో డబ్బెవరు పెడతారు? కొబ్బరికాయ ఏనాడైనా "అవకాశం ఉంది" అన్నదా? లేచి నిలబడింది, అంతే.

మూడో మనిషిని ఎవరూ పిలవరు, అయినా వస్తాడు. ఆయన ఊరి హేతువాది మాస్టారు. రిటైరై చాలాకాలమైనా రోజూ విశ్వానికి హాజరు వేస్తారు, దేవుడి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆబ్సెంటు పెడతారు.

రాత్రికి తిరుచెంగోడు బండి వస్తుంది. కొబ్బరికాయ కొట్టి రిగ్గు దించుతారు. నాలుగు వందల అడుగులు, దుమ్ము. ఎనిమిది వందలు, దుమ్ము. వెయ్యి దాటినా దుమ్మే. తెల్లారేసరికి రైతు మొహానికీ చేనికీ తేడా ఉండదు. "మైల తగిలింది, ఎవరో చెప్పులేసుకుని నిమ్మకాయ దాటినారు" అంటాడు ఆసామి. "నేను చెప్పలేదూ? మూఢనమ్మకం!" అంటారు మాస్టారు. మరుసటేడు ఇరవై అడుగులు పక్కకు జరిగి వేస్తే రెండించుల నీళ్లు పడతాయి. "గంగమ్మ కరుణ" అంటాడు ఆసామి. "కాకతాళీయం" అంటారు మాస్టారు. నీళ్లు పడినా, పడకపోయినా ఇద్దరూ గెలుస్తారు. ఓడిపోవడానికి రైతు ఉండనే ఉన్నాడు.

ఆ చేలో ఇంకొక మనిషి ఉంటాడు, రిగ్గు ఆపరేటరు. "పడతాయా అన్నా?" అంటే, "తెలీదు సార్, దించితేనే తెలుస్తాది" అంటాడు. జియాలజిస్టును పక్కన పెడితే, అంతమంది జ్ఞానుల మధ్య తనకు తెలియదని ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే. అడుగుకింతని లెక్కగట్టి రొక్కం తీసుకుని బండెక్కేదీ ఆయనే. టమాటాకు లేని గిట్టుబాటు ధర ఈ ప్రాంతంలో సందేహానికి ఉంది.

1869లో హక్స్‌లీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, రుజువు దొరికేదాకా దేవుడు ఉన్నాడనీ అనను, లేడనీ అనను అని మొండికేసి, తనకు తానే అజ్ఞేయవాది అని పేరు పెట్టుకున్నాడు. మనూళ్లో పుట్టి ఉంటే ఆయనకు సంబంధాలు కుదిరేవి కావు. "పిల్లోడు ఏ దేవుణ్ణి మొక్కుతాడు?" "ఇంకా తేల్చుకోలేదు." దీనికంటే నాస్తికుడే నయం, ఒక మాట మీద ఉండాడు అనుకుని పిల్లనిచ్చేవాళ్లు ఉంటారు.

కుప్పంలో నీళ్ల సంగతి ఇంకా చిత్రం. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు వచ్చాయని 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి రామకుప్పం మండలంలో హారతిచ్చారు. 2025 ఆగస్టులో ఇంకో ముఖ్యమంత్రి పరమసముద్రం దగ్గర హారతిచ్చారు. మొదటి హారతికి భక్తులైనవాళ్లు రెండోదానికి నాస్తికులు. రెండోదాని భక్తులు మొదటిదాన్ని సినిమా సెట్టింగంటారు. కళ్లెదుట పారే నీళ్ల మీదే రెండు మతాలు పుడితే, కంటికి కనపడని దేవుడి మీద ఒక మాటకు రండని జనాన్ని అడగడం అన్యాయం.

ఇక మదనపల్లె. ఇక్కడ 1915లో పెట్టిన కాలేజీకి అనీబిసెంట్ పేరుంది. ఆమె మొదట ఇంగ్లండులో ఒక పాస్టరు భార్య. తర్వాత చార్లెస్ బ్రాడ్‌లాతో కలిసి దేవుడు లేడని ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. ఆ మాటకు కట్టుబడినందుకు 1878లో కోర్టు ఆమె కూతుర్ని ఆమెకు కాకుండా చేసింది. నోటితో నాస్తికులైన మనవాళ్లెవరూ చెల్లించని మూల్యం అది. 1889లో ఆమే దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. చివరికి జగద్గురువు వస్తున్నాడు, సిద్ధంగా ఉండండని చాటింది. మూడు మజిలీల్లోనూ అదే గొంతు, అదే ధీమా. మాస్టారికి ఆమె మొదటి సగం నచ్చుతుంది, ఆసామికి రెండో సగం. ఇద్దరూ కలిసి ఆమె శతజయంతి చేసుంటే ఫ్లెక్సీ మీద ఏం రాయాలో తేలక తన్నుకునేవాళ్లు.

ఆమె చూపించిన జగద్గురువు మనూరి కుర్రాడే. జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో, అర్ధరాత్రి దాటిన అరగంటకు పుట్టాడు. మన లెక్కలో అది 11వ తేదీ, ఇంగ్లీషు లెక్కలో 12. సర్వలోకానికీ దారి చూపాల్సినవాడి పుట్టినరోజు దగ్గరే రెండు వర్గాలు! 1909లో మద్రాసు అడయారు బీచిలో ఈ పిల్లవాణ్ణి చూసి దివ్యజ్ఞాన సమాజపు లెడ్‌బీటర్ దొర అదిగో గురువన్నాడు. 1911లో ఆయన కోసం ఒక సంఘం కట్టి ఆయన్నే పెద్దగా కూర్చోబెట్టారు. వేల మంది సభ్యులు, ఆస్తులు, పత్రికలు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, అందరూ మహత్తర ప్రకటన కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, ఆయన లేచి ఆ సంఘాన్నే రద్దు చేశాడు. ఏ గురువూ, ఏ మతమూ, ఏ సంఘమూ సత్యం దగ్గరికి చేర్చలేవన్నాడు. వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకే పోయాయి.

మన జిల్లాలో గుడి కమిటీ ప్రెసిడెంటు పదవి కోసం కోర్టు మెట్లెక్కి స్టే తెస్తారు. ఈయన జగద్గురు పదవికే రాజీనామా చేశాడు. అప్పటికి వయసు 34. పైగా అవినీతి ఆరోపణలు కూడా లేవు.

జనం ఊరుకుంటారా? గురువు వద్దన్నాడు కాబట్టే ఈయనే అసలు గురువని తేల్చుకున్నారు. 1986లో పోయేదాకా దేశదేశాల్లో కూర్చోబెట్టి చెప్పించుకుంటూనే ఉన్నారు. నేను చెప్పానని ఒప్పుకోకండి, మీరే చూసుకోండి అని ఆయన అంటే, తలలూపి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఆయన మాటల క్యాసెట్లున్నాయి, పుస్తకాలున్నాయి, ఫౌండేషన్లున్నాయి. ఆయన నిజంగా ఒక మతం పెట్టి ఉంటే ఈపాటికి రెండుగా చీలి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లేమో.

మొన్న మదనపల్లె నుంచి, ఆయన పెట్టిన బడి ఉన్న రిషివ్యాలీ వైపు వెళ్లే బస్సులో పక్క సీటు పెద్దాయన మాట కలిపాడు. "ఆ బడి పెట్టిన సామి ఏం చెప్పినాడు నాయనా, ఒక్క ముక్కలో?"

"ఎవరు చెప్పినా నమ్మొద్దు, ఎవరికి వాళ్లే చూసుకోవల్ల అన్నాడు తాతా."

పెద్దాయన కళ్లు మూసుకుని రెండు చెంపలూ వేసుకున్నాడు. "అంతటోడు చెప్పినాక నమ్మకపోతే ఎట్లా నాయనా!"