సైటేషన్ల మేనరికం

ఒమాన్‌లో సగానికి పైగా పెళ్లిళ్లు బంధువుల్లోనో, ఒకే తెగలోనో జరుగుతున్నాయని 2000లో ఓ అధ్యయనం తేల్చింది. అక్కడి పిల్లల్లో నూటికి ఆరుగురు సికిల్ సెల్ జన్యువు మోస్తున్నారని 2003లో మరో వ్యాసం లెక్కగట్టింది.

ఇంకేం, జన్యుశాస్త్రవేత్తల సలహా ఒక్కటే: దగ్గరి సంబంధాలు వద్దు!

జనానికి ఇంత మంచి మాట చెప్పిన పండితుడు, ఏ దేశంవాడైనా సరే, తన పరిశోధన వ్యాసం చివర ఇచ్చిన సైటేషన్ల జాబితా, అంటే తాను ఉటంకించిన వ్యాసాల చిట్టా చూడండి.

మొదటి సైటేషన్ తనది.
రెండోది శిష్యుడిది.
మూడోది శిష్యుడి శిష్యుడిది.
నాలుగోది మళ్లీ తనదే.

అన్నీ ఇంటి సంబంధాలే!

ఒమాన్‌లో 2026 జనవరి నుంచి పెళ్లికి ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. సైటేషన్లకు ఆ బెడద లేదు. పైగా ఎన్ని కలిస్తే అంత హెచ్-ఇండెక్స్, అంత ప్రమోషన్. ఎన్ని వ్యాసాలకు కనీసం అన్నేసి సైటేషన్లు వస్తే ఆ అంకే హెచ్-ఇండెక్స్. 2005లో ఈ కొలబద్ద ఇచ్చిన హిర్ష్ భౌతికశాస్త్రవేత్త. జన్యువుల సంగతి ఆయనకేం పట్టింది?

అసలు జన్యుశాస్త్రానికి మూలపురుషుడు మెండెల్. మొక్కల సంకరాల మీద ఆయన అచ్చేసినవి రెండే వ్యాసాలు: 1866లో ఒకటి, 1870లో ఒకటి. మొదటిదాన్ని 1900 దాకా పెద్దగా పట్టించుకున్న నాథుడు లేడు. ఆ రెండింటికి హెచ్-ఇండెక్స్ ఎంత లాగినా రెండు దాటదు. ఇవాళ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూ పిలుపు కూడా రాదు.

సికిల్ సెల్ జబ్బుతో రక్తం ఎక్కించుకుంటున్న పిల్లాడికి కావాల్సిన అంకె హిమోగ్లోబిన్. డాక్టరుగారి హెచ్-ఇండెక్స్ కాదు.