గుర్రాన్ని గేటు దాటించకండి

స్వారీలో గేటు కనిపించగానే గుర్రం బిగుసుకుపోతోందనో, ఒక్కసారిగా దూసుకుపోతోందనో బాధపడేవాళ్లకి చుట్టుపక్కల దొరికే సలహా ఒకటే. మడమలతో గట్టిగా పొడిచి దాటించేయండి, నాలుగుసార్లు దాటితే అదే అలవాటవుతుంది అంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. కొన్నాళ్లపాటు దాన్ని అసలు గేటు దాటించకండి. గేటు దాకా తీసుకెళ్లండి, ఆపండి, వెనక్కి తిప్పుకుని వచ్చేయండి.

ఎక్కడ ఆపాలో గుర్రం చెవులే చెబుతాయి. నడుస్తూ నడుస్తూ ఒకచోట చెవులు రెండూ గేటువైపు నిక్కబొడుచుకుంటాయి, మెడ పైకి లేస్తుంది, అడుగు కురచవుతుంది. ఆ చోటుకి ఒక అడుగు ఇవతలే ఆపండి. పగ్గాలు వదులు చేసి ఊరికే కూర్చోండి. అది తల దించి, దవడ కదిపి, పొడుగ్గా ఊపిరి వదిలాక అప్పుడు తిప్పండి. మళ్లీ వచ్చేసరికి ఆ చోటు గేటుకి ఇంకొంచెం దగ్గరగా జరిగి ఉంటుంది. గేటు దగ్గర దెబ్బ తగిలిన గుర్రానికి గేటన్నా దెబ్బన్నా ఒకటే. గేటు దగ్గర ఏమీ జరగదని దానికి నమ్మకం కుదిరితే సగం పని అయిపోయినట్టే.

రెండో సలహా కూడా తలకిందులుగానే ఉంటుంది. గుర్రాన్ని దిద్దే ముందు గేటుని దిద్దండి. బందులకి నూనె వేయండి. రెక్కని పూర్తిగా తెరిచి, గాలికి కదలకుండా తాడుతో కట్టేయండి. మన ఫామ్‌హౌసుల గేట్లు చాలావరకు ఒక రెక్క మాత్రమే తెరిచి ఉంటాయి. గొళ్లెం కడ్డీ దారిలోకి పొడుచుకొస్తుంటుంది. ఆ సందులోంచి వెళ్తుంటే ముందు మీ మోకాలు, తర్వాత గుర్రం తుంటి ఎముక స్తంభానికి రాసుకుంటాయి. ఆ ఎముక మీద కండ పెద్దగా ఉండదు, దెబ్బ సూటిగా తగులుతుంది. తుంటి దగ్గర వెంట్రుకలు రాలి చర్మం నున్నబడిన గుర్రం గేట్లో ఎందుకు పరిగెడుతుందో వేరే చెప్పక్కర్లేదు. మళ్లీ తగిలేలోపు బయటపడదామని దాని తొందర. ఆ తొందరలో వంకరగా వెళ్తుంది, మళ్లీ తగులుతుంది. దాన్ని పొగరు అనేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

గేటు కింద నేల కూడా చూడండి. నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద కొంతమేర గుర్రానికి కనిపించదు. ఎండలోంచి నీడలోకి వస్తే దాని కళ్లు సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గేటు కమాను నీడ నేల మీద నల్లటి గీతలా పడితే, అది గొయ్యో గీతో దానికి తెలియదు. తల దించి చూసుకోనివ్వండి. ఆ క్షణంలో పగ్గాలు బిగపడితే చూడాల్సినది చూడకుండా చేసినట్టే. మీ చూపు మాత్రం గేటు మీద వద్దు, అవతల ఉన్న చెట్టు మీదో గోడ మీదో పెట్టండి. పశువులు రాకుండా గేటు కింద ఇనుప కడ్డీల జాలి పరిచి ఉంటే దాని మీదుగా ఎన్నడూ తీసుకెళ్లకండి. కడ్డీల మధ్య డెక్క ఇరుక్కుంటే కాలు విరుగుతుంది. పక్కదారి లేకపోతే వెనక్కి రండి.

హైదరాబాద్ చుట్టుపక్కల స్వారీ నేర్చుకునేవాళ్లకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీరు ఎక్కిన థరోబ్రెడ్ ఒకప్పుడు మలక్‌పేట లాంటి రేసుకోర్సులో పరిగెత్తినదై ఉండొచ్చు. దానికి నేర్పిన గేటు వేరు. వెనకనుంచి ఇరుకు గదిలోకి తోసి తలుపు మూస్తారు. ముందు తలుపులు ధడాలున తెరుచుకోగానే ఉన్న సత్తువంతా పెట్టి ఉరకాలి. అలా ఉరికినందుకే మెచ్చుకున్నారు కూడా. దానికి రెండువైపులా కడ్డీలు, ముందు తెరుచుకునే ఇనుము చూపించి నెమ్మదిగా నడవమంటే ఎలా? ఇలాంటి గుర్రానికి మూసిన గేటు ఎదురుగా తెరవకండి. ముందే తెరిచిపెట్టిన గేటుతో మొదలుపెట్టండి. అదీ దిగి, చేత్తో నడిపించుకుంటూ.

దిగడం నామోషీ అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. జీను మీదనుంచే వంగి గొళ్లెం తీస్తేనే స్వారీ వచ్చినట్టని ఒక భ్రమ. గేటుకి సమాంతరంగా నిలబడటం, అడుగు వెనక్కి వేయడం, పక్కకి జరగడం మీరు అడగ్గానే గుర్రం చేసేదాకా ఆ జోలికి పోకండి. దిగినప్పుడు రికాబులు పైకి లాగి పెట్టండి. వేలాడే రికాబు గొళ్లేనికి తగులుకుంటే గుర్రం గేటునీ ఈడుస్తుంది, మిమ్మల్నీ ఈడుస్తుంది. దాటాక దాని తల గేటువైపు తిప్పి, మీరు గేటు వేస్తుంటే చూడనివ్వండి. గేటుకే కట్టేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఉరికే గుర్రాల సంగతి తేలిక. గేటు దాటగానే జీను తీసి దాణా పెడుతున్నారు కాబట్టి అది ఉరుకుతోంది. లోపలికొచ్చాక కాసేపు గుండ్రాలు తిప్పండి, మళ్లీ బయటికి తీసుకెళ్లండి. జీను ఇంకోచోట తీయండి. సైసుకి కూడా ఈ మాట చెప్పండి. గేటు దగ్గరికి దాణా బకెట్టుతో అతను ఎదురొస్తే మీరు పడ్డ శ్రమంతా వృథా.

నలుగురైదుగురు కలిసి వెళ్తే, ముందు దాటినవాళ్లు కదలకూడదు. గేటు వేసేవాళ్లు మళ్లీ ఎక్కి సర్దుకునేదాకా అందరూ నిలబడాలి. మందలోంచి తను ఒక్కటే మిగిలిపోతున్నానని తోచిన గుర్రం మీద కూర్చోవడం ఎవరి తరమూ కాదు. ముందు వెళ్లినవాళ్లు దయచేసి వెనక్కి తిరిగి చూడండి, ఆగండి.