అన్నదాతా సుఖీభవ!

జయ విజయీభవ! విహారస్థల భోజనశాలాధీశ్వరులారా, ఫ్రెంచ్ ఫ్రైస్ సామ్రాజ్య సార్వభౌములారా, చికెన్ టెండర్స్ చక్రవర్తులారా, చల్లారిన చీజు పిజ్జాకు చిరంజీవత్వం ప్రసాదించిన అపర ధన్వంతరులారా, ఆకలిగొన్నవాడి ముఖం చూసి కాక వాడు దిగిన బస చూసి ధర కట్టగల సూక్ష్మదర్శులారా! న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీ, ఎడిసన్ వాస్తవ్యులమైన తెలుగువాళ్లం, జూన్ నెలాఖరున బడులు మూయగానే పిల్లాజెల్లాతో, ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లతో, ఇద్దరు ముగ్గురు స్నేహితుల కుటుంబాలతో మీ సన్నిధికి తరలివచ్చి, మీరు పెట్టింది తిని, మీరు వేసింది కట్టి, కృతార్థులమై తిరిగి వెళ్లేవాళ్లం. ఇంత ఉపకారం పొందుతూ కూడా మిమ్మల్ని నోరారా కీర్తించినవాడు మాలో ఒక్కడూ లేకపోయాడు. ఆ లోటు తీర్చే భాగ్యం నాకు దక్కింది.

మేము ఎంత మోటు వాతావరణంలోంచి మీ దగ్గరికి వస్తామో ముందు విన్నవించాలి. అప్పుడుగాని మీరు మాకు చేసిన సంస్కారం ఎంతటిదో తెలియదు. మా ఎడిసన్‌లోనూ, పక్కనున్న ఐసలిన్‌లోనూ ఓక్ ట్రీ రోడ్డు పొడవునా కూరగాయల కొట్లు, మిఠాయి దుకాణాలు, హోటళ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడి అనాగరికత ఏ స్థాయిదంటే ఇడ్లీ పొగలు కక్కుతుండగా తెస్తారు. సాంబారు అయిపోతే అడక్కుండానే మళ్లీ పోస్తారు. చట్నీ పులిసిందని అనుమానం కలిగితే చాలు, మనిషి లేచి పక్క హోటల్‌కి పోతాడు. ఆ భయంతో పాపం ఆ యజమాని పొద్దున్నే లేచి కొబ్బరి తాజాగా రుబ్బిస్తాడు. తినడానికి వచ్చినవాడికి జడుస్తూ బతికే ఆ దైన్యం మీ దరిదాపులకు రాలేదు. రాకుండా మీరు ఎంతో దూరదృష్టితో స్థలం ఎంచుకున్నారు.

ఓర్లాండో దగ్గర 1971 అక్టోబరు 1న తలుపులు తెరిచిన డిస్నీ వరల్డ్ మహాక్షేత్రాన్నే చూడండి. దాని విస్తీర్ణం సుమారు 40 చదరపు మైళ్లు. లక్షమందికి పైగా కాపురముంటున్న మా ఎడిసన్ టౌన్‌షిప్ మొత్తం కొలిచినా 30 చదరపు మైళ్ల లెక్కే. అంతటి ప్రాంగణంలో ఆకలేసి, ఇది బాగాలేదు పక్కకి పోదామని లేచినవాడు మీ బస్సెక్కి, మీ పడవెక్కి, గంట తిరిగి మళ్లీ మీ ప్రాంగణంలోనే దిగుతాడు. భక్తుడు దారి తప్పకుండా ఇంత జాగ్రత్తగా ప్రాకారం కట్టిన క్షేత్రం మరొకటుందా?

వడ్డనకు ముందు వైరాగ్యం నేర్పడంలోనూ మీకు మీరే సాటి. ఆ క్షేత్రంలో పేరున్న భోజనశాలలో బల్ల కావాలంటే 60 రోజుల ముందు, తెల్లవారుజామున ఆరుగంటలకల్లా ఫోను పట్టుకుని కూర్చోవాలి. పిల్ల పెళ్లి ముహూర్తానికి కూడా ఇంత శ్రద్ధగా మేలుకోని మావాళ్లు, ఆగస్టులో ఏ సాయంత్రం ఎన్నింటికి ఆకలి వేస్తుందో జూన్‌లోనే గ్రహించే యోగశక్తి మీ చలవ వల్ల సంపాదించుకున్నారు. ఆ వేళకు ఏ పిల్లవాడికో జ్వరమొచ్చి రాలేకపోతే, గడువు మించాక రద్దు చేసుకున్నందుకు చాలాచోట్ల తలకు 10 డాలర్లు స్వీకరిస్తారు. తిన్నవాడి దగ్గరే డబ్బు పుచ్చుకోవడం లోకంలో ఎవరైనా చేసే పని. తిననివాణ్ని కూడా రుణపడి ఉండనివ్వని కరుణ మీ ఒక్కరిదే.

ఈ పద్ధతి తెలియక మావైపు ఎంత అపచారం జరిగిపోయిందో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారు గోదావరి లంకల్లో, గన్నవరంలో, వేళకాని వేళ వచ్చి తలుపు తట్టినవాడికి కూడా అన్నం పెట్టి పంపేవారట. రిజర్వేషన్ ఉందా అని ఒక్కమాట అడిగి ఎరుగరు. తిరుమలలో 1985 నుంచి సాగుతున్న నిత్యాన్నదానంలోనూ అదే వరస: వచ్చినవాణ్ని వచ్చినట్టు కూర్చోబెట్టి, విస్తరి వేసి, చాలనేదాకా వడ్డించడమే. మనకు అన్నం పెట్టడం చేతనయింది గాని, అన్నానికి అందరాని గౌరవం తెచ్చిపెట్టడం చేతకాలేదు.

వయోనిర్ణయంలో మీ విశాల హృదయాన్ని ఎంత పొగిడినా తక్కువే. ఓటు వేయడానికి ఈ దేశం 18 ఏళ్లు ఆగమంటుంది, మద్యం ముట్టడానికి 21 అంటుంది. డిస్నీ భోజనశాలలు మాత్రం మూడు నుంచి తొమ్మిది వరకే బాల్యమని తేల్చి, పదేళ్లు నిండిన పసివాణ్ని పెద్దల పంక్తిలో కూర్చోబెట్టి, పెద్దల ధరతో సత్కరిస్తాయి. మిక్కీ మౌస్ స్వయంగా వచ్చి పలకరించే బఫేలో ఆ సత్కారం పదుల డాలర్ల మాటే. సత్కారం పొందిన చిరంజీవి మిక్కీ చెవులున్న వాఫుల్ ఒకటిన్నర తిని, మిగతాది కెచప్‌లో ముంచి చెల్లెలికి చూపించి నవ్విస్తాడు. అక్కడితో ఆగారా? బల్ల దగ్గర ఆరుగురు గాని అంతకు మించి గాని ఉంటే 18 శాతం టిప్పు మమ్మల్ని అడిగే శ్రమ లేకుండా తామే బిల్లులో చేర్చి పెడతారు. తెలుగువాడు ఆరుగురికి తక్కువగా విహారానికి ఎన్నడు వెళ్లాడని? మన సమష్టి కుటుంబాన్ని ఇంత క్రమం తప్పకుండా గుర్తుంచుకున్నవాళ్లు ఇవాళ మన బంధువుల్లో కూడా లేరు.

డిస్నీవారి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే భోజనశాల ఉంది. కిటికీ అవతల జిరాఫీలు మేస్తుంటాయి. అక్కడ బ్రెడ్ సర్వీస్ అన్నది ప్రసిద్ధ నైవేద్యం: ఐదు రకాల రొట్టెలు, నంజుకోవడానికి తొమ్మిది గిన్నెల్లో పచ్చళ్లూ రైతాలూ. మావాళ్లు తరతరాలుగా పచ్చడిని విస్తరి మూలన వేసి, లెక్కలోకి రానివ్వకుండా అవమానించారు. మీరు దాన్ని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టి, పేరుపేరునా పరిచయం చేసి, ఇరవై డాలర్ల చుట్టుపక్కల ప్రతిష్ఠించారు. పచ్చడికి ఇంతటి పట్టాభిషేకం మా గుంటూరు సీమలో కూడా జరగలేదు. కిటికీ అవతల జిరాఫీ మాత్రం ముందస్తు బుకింగు లేకుండా, ధర తెలుసుకోకుండా, కడుపునిండా తినేస్తోంది. దానికింకా నాగరికత అబ్బలేదు.

మీరు అమ్మే మగ్గు గురించి చెప్పకపోతే స్తోత్రం అసంపూర్ణం. బసలో ఉన్నన్నాళ్లూ కోలా ఎన్నిసార్లయినా నింపుకోమంటూ ఒక ప్లాస్టిక్ మగ్గు అమ్ముతారు. దానికో చిప్పు పెట్టారు. గడువు తీరిందో లేదో, యంత్రం ధార ఆపేస్తుంది. ఉన్నన్నాళ్లే బంధమన్న వేదాంతాన్ని ఇంత సులభంగా ఏ మఠాధిపతి బోధించగలిగాడు? అలాంటి మగ్గులు ఎడిసన్ వంటిళ్లలో బియ్యం కొలుచుకుంటూ శేషజీవితం గడుపుతున్నాయి. గుక్కెడు ఐసు నీళ్లు కౌంటర్ దగ్గర అడిగినవారికి ఉచితమేనన్న రహస్యాన్ని మీరు పెద్దగా చాటుకోకపోవడం, కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వని గొప్పవాళ్ల లక్షణం.

ఓర్లాండో దాకా ఓపిక లేనివాళ్లను ఆదుకోవడానికి గంటన్నర దూరంలో, పెన్సిల్వేనియా పోకనో కొండల్లో, పైకప్పు కింద ఏడాది పొడవునా నీళ్లలో ఆడించే రిసార్టులు వెలిశాయి. వాటిలో ఒకదాని పేరు చెబితే దిష్టి తగులుతుందని చెప్పడం లేదు. అడుగు పెట్టగానే మణికట్టుకు కంకణం కట్టారు. వ్రతం పూర్తయ్యేదాకా విప్పకూడదు. పిల్లవాడు తడిచేతిని యంత్రానికి ఆనిస్తే చాలు, తండ్రి గది ఖాతాలో పుణ్యం జమవుతుంది. పర్సు తెరిచే శ్రమ, నోట్లు లెక్కపెట్టే బాధ, “ఎంత?” అని అడిగే అసభ్యత అన్నీ ఒక్క దెబ్బతో తొలగిపోయాయి. బుట్టలో చికెన్ టెండర్స్ నాలుగు. వాటిని ఒంటరితనం పీడించకుండా చుట్టూ ఫ్రైస్. పిండి పొరలన్నీ ఒలుచుకుంటూ వెళ్లి కోడి ఎక్కడుందో కనుక్కునే పని పిల్లలకే వదిలారు. 1876లో థామస్ ఎడిసన్ మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టిన ఊరి పిల్లలకు అంతకన్నా తగిన శిక్షణ ఏముంటుంది?

శాకాహారులమీద మీ వాత్సల్యం తలుచుకుంటే నాకు మాట పెగలదు. చికెన్ సలాడ్‌లోంచి చికెన్ తీసేసి, ఆకులు అలాగే ఉంచి, ధర కూడా అలాగే ఉంచి అందిస్తారు. తీసిన శ్రమకు విడిగా రుసుము వేయరు, గమనించాలి. గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అమ్మను ఆ కొండల్లోకి తీసుకెళ్తే, రాత్రి భోజనాల వేళ మెల్లగా, “నాయనా, కాస్త పెరుగన్నం దొరుకుతుందేమో అడగరా” అంది. మీవాళ్లు చిరునవ్వు చెదరకుండా స్ట్రాబెరీ పెరుగు తెచ్చారు, వెనిలా పెరుగు తెచ్చారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఒకే రకం పెరుగు తిన్న ముసలితల్లికి ఈ వయసులో ఇన్ని రంగులు చూపించినవాళ్లు మీరే. అన్నం మాత్రం లేదన్నారు. పెరుగుంటే అన్నముండాలన్న మూర్ఖపు పట్టుదల మాది. చివరికి కాగితం చుట్టిన అరటిపండు ఒకటి తిని, దాని ధర రూపాయల్లోకి మార్చుకుని, “ఈ డబ్బుకి మన బ్రాడీపేటలో గెలంతా ఇంటికి తెచ్చిస్తారు కదరా” అంది. ఏకాదశి కాని రోజున ఏకాదశి ఫలం, దాని మీద గణితాభ్యాసం! పడుకోబోతూ ఆవిడ నాకు ఆకలి లేదని రెండుసార్లు చెప్పింది. తల్లుల చేత ఆ మాట ఇంత తేలిగ్గా అనిపించగల నేర్పు మీ వంటశాలకు ఎలా అబ్బిందో!

నెవార్క్‌లో విమానమెక్కితే నాలుగు గంటల్లో కాన్‌కూన్. 1970లలో మెక్సికో ప్రభుత్వం పూనుకుని ఇసుకతిన్నెల మీద లేపిన విహారనగరం. తిండీ తాగుడూ బసా అన్నీ ఒకే ధరలో కలిపేసే పద్ధతికి, 1950లో మయోర్కా దీవిలో గుడారాలు వేసి జెరార్ బ్లిట్జ్ మొదలుపెట్టిన క్లబ్ మెడ్‌ను ఆదిగా చెబుతారు. ఆ బీజం ఇక్కడ వటవృక్షమైంది. ఆ కలిపేసినవాటిలో లాబ్‌స్టర్ చేరకపోవచ్చు, మంచి బల్ల దొరక్కపోవచ్చు. అవి ఆశాపాశానికి లోనైనవాళ్లు విడిగా కొనుక్కోవలసినవి. బఫే బల్లల పొడవు చూస్తే మన పెళ్లిపందిళ్లు చిన్నబోతాయి. ఇన్ని పేర్లు, ఇన్ని రంగులు, ఇన్ని ఆకారాలు పెట్టి అన్నింటికీ ఒకటే రుచి తేవడమంటే అద్వైతసిద్ధి కలిగిన వంటవాడికి తప్ప సాధ్యమా? బీన్స్ శాకాహారమేనా అని అడిగితే సందేహం లేకుండా అవునంటారు. అందులో కలిసిన కొవ్వు తాలూకు పంది జొన్నలు తినే పెరిగింది కదా, మరి? ఎర్రన్నం కోడి ఎసట్లో ఉడికి ఉంటుంది; అది మన నాలుకకు తెలిసేలోపు సగం ప్లేటు గడిచిపోవడం వడ్డనలోని చాకచక్యం. వారానికోసారి మనమీద ప్రేమతో ఇండియన్ నైట్ జరుపుతారు: పసుపు, కొబ్బరిపాలు, ఎండుద్రాక్ష, ఉడికిన కోడి. ఏ రాష్ట్రమూ నాది అని వాదించలేని ఆ కూర సాధించిన జాతీయ సమైక్యత నాయకులెవరూ సాధించలేదు.

ఇంతటి ప్రభువుల ఇంట ఉండి కూడా మావాళ్లు ప్రదర్శించే చాపల్యాన్ని క్షమించాలి. ఈతదుస్తుల మధ్య పొదిగి తెచ్చిన రైస్ కుక్కర్, మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ, కందిపొడి, నెయ్యి సీసా: ఎడిసన్ నుంచి బయల్దేరే ఏ తెలుగు సూట్‌కేసు తెరిచినా ఇవి ఉంటాయి. గదిలో వండకూడదన్న నియమం చదివి, తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి, రాత్రి పదింటికి పదిమందీ రెండు మంచాల మీద చేరి, వేడన్నంలో ఆవకాయ కలిపి ముద్దలు పెట్టుకుంటారు. పిల్లలు ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటారు. పగలు మీ వంటకు తగిలిన దిష్టి తీయడానికే ఈ తంతు అని మీరు గ్రహించాలి. డిస్నీవారైతే గాజుసీసాలు, మద్యం వంటివి తప్ప ఇంటి తిండి పార్కుల్లోకి తెచ్చుకోనిస్తారు. పులిహోర డబ్బా మూత తీసి చూసిన కాపలాదారు ముక్కుపుటాలు ఒక్క క్షణం అదిరితే, అది మీమీద అవిశ్వాసం కాదు, పాపం అతనూ మధ్యాహ్నం మీ దగ్గరే తిన్నాడు.

మీ కీర్తికి ప్రభుత్వం వల్ల కూడా భంగం రాకపోవడం మా పూర్వజన్మ సుకృతం. దాచిపెట్టిన రుసుములన్నీ ముందే చూపాలంటూ 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాసిన ముసాయిదా వ్యాపారాలన్నిటినీ చుట్టబెట్టబోయింది. 2025 మే 12న అమల్లోకి వచ్చిన తుది నిబంధన బస గదులకూ, ప్రదర్శనల టికెట్లకూ పరిమితమై ఊరుకుంది. రిసార్ట్ ఫీజు అనే సున్నితమైన ఆశ్చర్యం గది ధరలో ముందే బయటపడిపోయినా, భోజనాల బల్ల దగ్గరి ఆశ్చర్యాలు మాకోసం పదిలంగా మిగిలాయి.

ఈ స్తోత్రాన్ని అరవై రోజుల ముందు, ఉదయం ఆరింటికి, క్రెడిట్ కార్డు ఎదుట పెట్టుకుని భక్తితో పఠించినవారికి పదిమందికి ఒకేచోట బల్ల దొరుకుగాక, వారి మణికట్టు కంకణం నీళ్లలో జారిపోకుండుగాక, వారి పిల్లలు తిరుగు ప్రయాణం దాకా తొమ్మిదేళ్లు దాటకుండుగాక.