లాటేకు దిష్టి తగిలింది

నాకు నిద్ర పట్టదు. ఈ మాట ఎంత గంభీరంగా చెప్పినా మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పేపరు మొహం మీద కప్పుకుని నేను పెట్టే గురక, ఎనభై దాటిన మా అవ్వ చెవులకు కూడా వాకిట్లో దాకా వినపడుతుంది మరి. నాకు పట్టనిది రాత్రి నిద్ర. ఆ తేడా వివరించబోతే "రెండు పూటలా ఎట్ల పడతది?" అంటుంది నా భార్య. దానికి జవాబు లేదు.

మాది స్టేషన్ ఘన్‌పూర్. ఊరి పేరులోనే స్టేషన్ ఉంది. మా ఇల్లు పట్టాలకు కూతవేటు దూరం. నిజాం కాలంలో, 1880లలో సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దిక్కు పోయిన రైలుదారి ఇది. యాభై ఎనిమిదేళ్లుగా ఆ చప్పుడులోనే నిద్రపోయినవాణ్ణి, ఈ మధ్య "గూడ్సు బండి లేపుతోంది" అని ఫిర్యాదు చేశాను. నా భార్య ఒకటే అడిగింది, "గూడ్సు ఇయ్యాల్నే కొత్తగ వచ్చిందా?"

బుగులుతో నిద్ర పట్టడం లేదని కూడా చెప్పి చూశాను. బుగులు మా దగ్గర మామూలు మాట కాదు. పక్కనే చిల్పూరు గుట్ట మీద ఉన్నది బుగులు వేంకటేశ్వరస్వామి. కుబేరుడి అప్పు తీర్చే బెంగతో స్వామి వచ్చి ఆ గుట్ట మీద కూర్చున్నాడని స్థలపురాణం. అంతటి దేవుడికే తప్పని బుగులు నాకెంత అన్నాను. "ఆయనకు పెండ్లి అప్పు. నీకేమున్నది?" అంది.

ఈ కష్టం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి చేరింది. "బాపూ, పడుకునే ముందు హెర్బల్ లాటే తాగు, మంచిగ నిద్రొస్తది" అంది ఫోన్లో. స్పీకరు పెట్టి ఉంది. "ఏందట?" అని అడిగింది నా భార్య. లాఠీ అట అన్నాను. "మీ బాపుకు గదే కావాలె బిడ్డా" అంది.

లాటే అంటే ఇటలీ భాషలో పాలు, అంతే. అక్కడ హోటల్లో కూర్చుని ఒట్టి లాటే అంటే గ్లాసెడు పాలు తెచ్చి ముందర పెడతారట. ఆ లెక్కన మా అవ్వ నలభై ఏళ్లు బర్రె కింద కూర్చుని పిండింది లాటేనే. అందులో ఇంత పసుపు కలిపితే 2016 ప్రాంతంలో లండన్ కాఫీ షాపులు దాన్నే కొత్త పానీయంగా నెత్తిన పెట్టుకున్నాయి. అదే ఏడు దసరా నాడు, అక్టోబర్ 11న, వరంగల్ జిల్లాలో ఉన్న మా మండలం జనగామ జిల్లాలోకి పోయింది. పసుపు పాలకు పేరు మారింది, మాకు జిల్లా మారింది. రుచి మాత్రం రెండింటికీ పాతదే.

అమ్మాయి చెప్పిన లాటేలో వేయాల్సినవి: పసుపు, మిరియాల పొడి, యాలకులు, చిటికెడు జాజికాయ, అర చెంచా అశ్వగంధ, కామోమైల్ పూలు, తీపికి తేనె. అశ్వగంధ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అడ్రసులో ఘన్‌పూర్ అని రాసి స్టేషన్ అని రాయడం మరిచాను. పక్కన లింగాల ఘన్‌పూర్ ఉంది, అటు భూపాలపల్లి దిక్కు కోటగుళ్లున్న గణపురం ఉంది, దాన్నీ ఘన్‌పూర్ అనే అంటారు. నా పొడి ఎన్ని ఘన్‌పూర్లు తిరిగిందో గానీ తొమ్మిదో రోజుకు ఇల్లు చేరింది. ఆ తొమ్మిది రోజులూ "అశ్వగంధ రాలేదు" అనే బెంగతో అసలే నిద్ర లేదు.

డబ్బా మూత తీయగానే పేరు పెట్టినవాళ్ల నిజాయితీ తెలిసింది. అశ్వగంధ అంటే గుర్రం వాసన. అచ్చం పెండ్లి బరాత్‌లో గుర్రం పక్కన నిలబడ్డట్టే ఉంది. తెలుగులో దీనికి పెన్నేరు గడ్డ అని చక్కటి పేరుంది, కానీ ఆ పేరుతో అమ్మితే అంత ధర రాదు. శాస్త్రంలో దీని పేరు విథానియా సోమ్నిఫెరా. సోమ్నిఫెరా అంటే నిద్ర తెచ్చేది. ఆ ఒక్క మాట పట్టుకుని గుర్రాన్ని క్షమించాను.

కామోమైల్ కోసం కిరాణం షాపుకు పోతే "గ్యాసుకా సార్?" అని ఒక పొట్లం ఇవ్వబోయాడు. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే కామోమైల్, చామంతి ఒకే కుటుంబం అని ఉంది. అది చదివాక నా బుద్ధి గడ్డి తిన్నది. మరునాడు సద్దుల బతుకమ్మ. ఇంటినిండా పూలు. గునుగు ఒక గంపలో, తంగేడు ఒక గంపలో, తడిగుడ్డ మీద బంతీ చామంతీ. ఎవరూ చూడకుండా తెల్ల చామంతులు రెండు తీసి జేబులో వేసుకున్నాను. వేసుకున్నాననుకున్నాను.

"పూలెటు బోతున్నయి?"

చెప్పక తప్పలేదు.

"బతుకమ్మ పూలు తాగుతవా? సిగ్గు లేదా?"

"చెరువుల వేస్తే నీళ్లు మంచిగైతయంటరు గదనే. గ్లాసుల వేస్తే నేను మంచిగ కానా?"

పూలు తీసుకుని గంపలో వేసి, లైటు తీసి, పడుకోవడానికి పోయింది. నేను మళ్లీ లైటు వేశాను. రాత్రి పది నలభై.

బర్రె పాలు చిక్కగా కాచాను. పసుపు అర చెంచా. మిరియాల దగ్గర నా చదువు అడ్డమొచ్చింది. పసుపులోని కర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదనీ, మిరియాల్లోని పైపరిన్ తోడైతే సుమారు 20 రెట్లు ఎక్కువ పడుతుందనీ 1998లో బెంగళూరు పరిశోధకులు తేల్చారు. ఎక్కడో చదివాను. ఇరవై రెట్లు అనగానే నాకు ఆశ పుట్టింది. చిటికెడు చాలన్నచోట ఎనిమిది మిరియాలు దంచి వేశాను. తర్వాత జాజికాయ. చిన్న కాయే కదా అని సగం కోరాను. అశ్వగంధ అర చెంచా అన్నారు. తొమ్మిది రోజులు ఎదురుచూసినవాడికి అర చెంచా ఏ మూలకు? గుర్రం పూర్తిగా గిన్నెలోకి దిగింది.

నురగ రాకపోతే అది లాటే కాదట. చాయ్ హోటల్లోలాగా రెండు గ్లాసుల మధ్య తిరగబోస్తే సరిపోయేది. కవ్వం గోడకు వేలాడుతూనే ఉంది. నాకు మిక్సీ గుర్తొచ్చింది.

సలసల కాగిన పాలు మూత బిగించిన జారులో పోసి తిప్పితే లోపల ఆవిరి ఎగదన్ని మూతను లేపుతుందని ఇప్పుడు నాకు బాగా తెలుసు. బటన్ నొక్కడం, మూత సీలింగుకు తగలడం ఒకేసారి జరిగాయి. పచ్చటి పాలు గోడ మీద నెమలి పింఛంలా విచ్చుకున్నాయి. గ్యాసు సిలిండరు, క్యాలెండరు, నా తెల్ల బనీను, నా కుడి కనుబొమ్మ, అన్నీ పసుపు. మొహం పక్కకు తిప్పాను కాబట్టి కళ్లు దక్కాయి. నేల మీద చిన్న మడుగు. అందులో ఒక మిరియం పలుకు తాపీగా తిరుగుతోంది.

ఆవిడ లేవకముందే తుడిచేయాలి. బట్టల సర్ఫు రెండు గుప్పిళ్లు చల్లి, నీళ్లు పోసి రుద్దాను. రుద్దుతుంటే పసుపు ఎర్రబడింది. ఇంకా రుద్దాను, ఇంకా ఎర్రబడింది. బనీను మీద సబ్బు పెడితే అక్కడా ఎర్ర మరకలే. కాళ్ల కింద చూస్తే వంటింటి గడప నుంచి వాకిలి తలుపు దాకా ఎర్రటి నీళ్ల ధార.

పెండ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణే. క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. సున్నం చేసే పనే సర్ఫూ చేస్తుంది. ఆ సమయంలో ఆ తెలివి రాదు.

అప్పుడే బయటికి పోవడానికి లేచిన మా అవ్వ గడప దగ్గర ఆగిపోయింది. ఎర్ర నీళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎవలికి తీసిన్రురా దిష్టి? తొవ్వల పోస్తరా? నేను దాటను."

"దిష్టి కాదవ్వా. లాటే."

"ఎవడాడు?"

ఈ గొడవకు నా భార్య లేచింది. ఎర్ర మరకల బనీనుతో, పచ్చటి కనుబొమ్మతో, చీపురు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ముందు అమ్మో నెత్తురు అంది. దగ్గరికొచ్చి వాసన చూసి, "గుర్రం నెత్తురా?" అని అడిగింది.

అవ్వను ఎత్తుకుని ఆ నీళ్లు దాటించాను. తిరిగొస్తూ అవ్వ గట్టు మీద మిగిలిన సగం జాజికాయ చూసి తతిమ్మా సగం ఏదిరా అని అడిగింది. గోడ చూపించాను. "నీకు కడుపునొప్పి లేస్తే సాన మీద రెండు చుట్లు అరగదీసి నాకిచ్చేదాన్ని. రెండే చుట్లు. సగం కాయ ఎవలన్న తాగుతరా?" అంది. అవ్వ మాటే నిజమని తర్వాత చదివి తెలుసుకున్నాను. జాజికాయ మోతాదు మించితే నిద్ర మాట అటుంచి గుండెదడ, కళ్లు తిరగడం, లేనివి కనపడటం దాకా పోతుంది. మిక్సీ మూత ఎగరబట్టి బతికాను. ఇదే కాయ పండే చిట్టి దీవి కోసం డచ్చివాళ్లు 1667లో మన్‌హట్టన్‌నే ఇంగ్లీషువాళ్లకు వదిలేశారట. నేను వదులుకున్నది ఒక బనీను.

గిన్నె, జారు, గోడ, నేల కడిగి మంచం ఎక్కేసరికి ఒంటిగంట పదిహేను. నా భార్య అప్పటికే నిద్రలో ఉంది. ఏమీ తాగలేదు. గూడ్సు బండి పోయింది, కదలలేదు.

బనీను మీది పసుపు మూడు రోజులు ఎండలో వేస్తే పోయింది. పసుపు మరకకు ఎండే మందు. వంటింటి గోడకు ఎండ తగలదు. పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన సీఎస్‌ఐఆర్ పోట్లాడి 1997లో రద్దు చేయించింది గానీ, మా గోడ మీద పసుపు హక్కులను ఎవరూ రద్దు చేయించలేకపోయారు. బతుకమ్మకు వచ్చిన ఆడబిడ్డలందరికీ మా ఆవిడ ఆ నెమలిని చూపించింది.

ఇక అసలు సంగతి. రోజూ రాత్రి ఎనిమిదింటికి కొత్తిమీర తెస్తాననో, ఫోన్ రీచార్జ్ అనో చెప్పి స్టేషన్ రోడ్డు మీదికి పోతాను. అక్కడ ఒక చాయ్, మాట కలిస్తే ఇంకొకటి. టీలోని కెఫీన్ అయిదారు గంటలకు గానీ సగం కాదట. అంటే ఒంటిగంటకు నేను గూడ్సు బండ్లు లెక్కపెట్టే వేళకు ఎనిమిది గంటల చాయ్ ఇంకా సగం నాలోనే కూర్చుని ఉంటుంది. ఇది నాకు లాటే కంటే ముందే తెలుసు. అశ్వగంధ ఆర్డరు పెట్టిన రోజు కూడా తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాటితే చుక్క పాలు దొరకవు. ఉన్నవన్నీ ఆవిడ తోడు పెట్టేస్తుంది. మిక్సీ జారు మూత ఆమె తలగడ కింద ఉంటుంది. ఎనిమిది గంటల చాయ్ మాత్రం నడుస్తూనే ఉంది. ఈ పత్రిక మా ఇంటికి రాదన్న ధైర్యంతో రాస్తున్నాను. ఘన్‌పూర్ వాళ్లెవరైనా చదివితే, దయచేసి మా ఇంట్లో చెప్పకండి. లింగాల ఘన్‌పూర్ వాళ్లయినా సరే.